హుస్సేన్‌సాగర్‌లో పిల్లల తెరచాప పడవ పందేలు కొనసాగాలా?

ట్యాంక్‌బండ్ వాసి:
వారాంతాల్లో హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. జులైలో ఇతర రాష్ట్రాల క్రీడాకారులు కూడా వచ్చి పందేల్లో పాల్గొంటారు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల నీరు చేరే ఈ సాగర్‌లోకి పిల్లలను దింపడం తగునా? నీరు బాగుపడేవరకు పదిహేనేళ్ల లోపువారిని దింపరాదనీ, పోటీలను గండిపేటకు తరలించాలనీ నా అభిప్రాయం.

తెరచాప:
మీ ఆందోళన న్యాయమైనదే కానీ, తరలించాలన్న సూచనతో నేను ఏకీభవించలేను. ఈ క్రీడ గాలిని బట్టి నడుస్తుంది. జులైలో పందేలు పెట్టడానికి కారణం నైరుతి రుతుపవన గాలి. ఎదురుగాలికి నేరుగా పోలేని పడవ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ ముందుకు సాగాలి. ఒడ్డున ఉన్న భవనాల వల్ల సాగర్‌లో గాలి క్షణక్షణానికి దిశ మార్చుకుంటుంది కాబట్టి, ఇక్కడ నేర్చుకున్న పిల్లలకు నీటి మీది చిన్న అలల తీరు చూసి రాబోయే గాలిని పసిగట్టే నేర్పు అలవడుతుంది. చెరువులో నేర్చినవారు సముద్రంలో నిలవలేరని కొందరు అంటారు, ఆ మాట సరికాదు. భోపాల్ పెద్ద చెరువులో శిక్షణ పొందిన నేహా ఠాకూర్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. ఇక గండిపేట, 1908 మూసీ వరదల తరువాత కట్టిన తాగునీటి జలాశయం. పందెం జరిగితే రక్షణ పడవలు తప్పనిసరి, వాటికి ఇంజిన్లు ఉంటాయి. తాగే నీటిలో చమురు కలిసే అవకాశం ఎందుకు కల్పించాలి? పైగా నగరం నడిబొడ్డున ఉన్న నీటిలో పిల్లలు కనిపిస్తున్నప్పుడే దాన్ని శుభ్రం చేయాలన్న ఒత్తిడి అధికారులపై ఉంటుంది.

గండిపేట మిత్రుడు:
తెరచాప గారూ, భోపాల్ నగర తాగునీటిలో కొంత ఆ పెద్ద చెరువు నుంచే వస్తుంది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? మీ చివరి వాదనను నేను మరింత గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. 2016 ఒలింపిక్స్‌కు ముందు రియో నగరం, గ్వానబారా అఖాతంలోకి చేరే మురుగులో 80 శాతం శుద్ధి చేస్తామని హామీ ఇచ్చి నిలబెట్టుకోలేకపోయింది. అయినా పడవ పోటీలు అక్కడే జరిగాయి. ప్రపంచమంతా చూస్తున్నప్పుడే రాని ఒత్తిడి మన వారాంతపు శిక్షణతో వస్తుందా? చిన్న పడవ బోల్తాపడటం, దాన్ని మళ్లీ నిలబెట్టడం శిక్షణలో భాగమే. అంటే ఆ పిల్లలు సాగర్ నీటిలో మునుగుతారు, కొంత మింగుతారు కూడా. అధికారులను కదిలించడానికి వారి ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం తప్పు.

తెరచాప:
ఒత్తిడి గురించి మీరన్నది అంగీకరిస్తున్నాను. ఆ వాదనను వదులుకుంటున్నాను. అయితే బోల్తాపడటం గురించి మీరు చెప్పిన మాటలోనే పరిష్కారం ఉంది. మునిగే అవకాశం ఉన్న నీటికి స్నానపు నీటి ప్రమాణమే వర్తించాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో మల కోలిఫామ్ (మలం ద్వారా నీటిలో చేరే బ్యాక్టీరియా) సంఖ్య 500 లోపు ఉండటం వాంఛనీయం, 2,500 దాటరాదు. ప్రతి వారం శిక్షణకు ముందు నీటిని పరీక్షించి, ఫలితాన్ని పడవలు దింపే చోటే తల్లిదండ్రులకు కనిపించేలా రాసిపెట్టాలి. పరిమితి దాటితే, జాతీయ స్థాయి పందెమైనా సరే, ఆ రోజు పిల్లలను దింపరాదు. పెద్ద వానకు నాలాలు పొంగినప్పుడు పరీక్ష కోసం కూడా ఎదురుచూడకుండా ఆపేయాలి.

ట్యాంక్‌బండ్ వాసి:
ఆ నియమం అమలైతే తరలించాలన్న నా పట్టు సడలుతుంది. కానీ వాన కోసమూ గాలి కోసమూ చూసేది ఒకే రుతువులో. పందేలకు అనువైన జులై నెలలోనే నాలాలు పొంగుతాయి. ఊళ్ల నుంచి జట్లు వచ్చి దిగాక ఆపమని చెప్పే అధికారం నిర్వాహకుల చేతిలోనే ఉంటే వారు ఆపుతారన్న నమ్మకం నాకు లేదు. పందెంతో సంబంధం లేని వైద్యుడికో, కాలుష్య నియంత్రణ మండలి అధికారికో ఆ నిర్ణయం అప్పగించడానికి మీరు ఒప్పుకుంటారా?