బీఏ జాగ్రఫీ తర్వాత ఎస్వీయూలో పీజీనా, జియోఇన్ఫర్మాటిక్సా?

తిరుపతి_బీఏ: హిస్టరీ, ఎకనామిక్స్, జాగ్రఫీతో బీఏ ఆఖరి ఏడాది. లెక్కలు పదితోనే వదిలేశాను. లెక్చరర్ పోస్టు మీద ఆశ ఉంది, మ్యాపుల పని కూడా ఇష్టమే. ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం)లో జాగ్రఫీ పీజీ, లేదా జియోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌లో మ్యాపులు, ఉపగ్రహ చిత్రాల పని), ఏది ఎంచుకుంటే మేలు? స్పెషలైజేషన్ ఎట్లా తేల్చుకోవాలి సార్?

శేషాచలం: ముందు పట్టా మీద ఏ పేరు ఉంటుందో చూసుకోండి. లెక్చరర్ నోటిఫికేషన్లు సంబంధిత సబ్జెక్టులోనే పీజీ అడుగుతాయి. జియోఇన్ఫర్మాటిక్స్ పట్టాతో జాగ్రఫీ పోస్టుకు పోతే సమాన అర్హత కాగితం కోసం తిరగాల్సి రావచ్చు. జాగ్రఫీ పీజీ చేస్తూ జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి)లో ప్రాజెక్టు పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు. ప్రవేశ పరీక్ష ఎస్వీయూకైతే ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకైతే సీయూఈటీ పీజీ. సీయూఈటీలో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. తెలియనిది వదిలేయండి. తర్వాత లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో మైనస్ లేదు, అక్కడ ఒక్కటీ వదలకండి. అదే నెట్‌తో వచ్చే జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)కు జనరల్ వాళ్లకి వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు అయిదేళ్ల సడలింపు ఉంది.

స్వర్ణముఖి_గట్టు: స్పెషలైజేషన్‌ను పుస్తకం చూసి కాదు, డేటా దొరికేదాన్ని బట్టి ఎంచుకోండి. మనకు స్వర్ణముఖి నది పక్కనే ఉంది. దాని పరీవాహక ప్రాంతం గీయడానికి ఉచితంగా దొరికే 30 మీటర్ల గళ్ల ఎస్ఆర్‌టీఎం (నేల ఎత్తుల డేటా), క్యూజీఐఎస్ (ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్) చాలు. అందరూ జారేది మూడు చోట్ల.

మొదటిది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాపుగా మార్చే పద్ధతి. అక్షాంశ, రేఖాంశ డిగ్రీల్లోనే ఉంచి విస్తీర్ణం లెక్కగడితే అంకెలకు అర్థముండదు. తిరుపతి, చిత్తూరు యూటీఎం (మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్) 44 ఉత్తర జోన్‌లోకి వస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చే ఈపీఎస్‌జీ కోడ్ 32644. అనంతపురం మాత్రం 43. పాత ఫైలు సెట్టింగు అట్లే వాడేసి మోసపోతుంటారు. రెండోది, ఎత్తుల డేటాలోని తప్పుడు గుంటలు పూడ్చకుండా ప్రవాహ దిశ తీస్తే వాగులు మధ్యలోనే తెగిపోతాయి. అవుట్‌లెట్ (నీరు బయటికి పోయే చోటు) చుక్క సరిగ్గా వాగు పిక్సెల్ మీద పడకపోయినా పరీవాహకం నాలుగు గళ్లకు కుంచించుకుపోతుంది. మూడోది థ్రెషోల్డ్, అంటే ఎన్ని గళ్ల నీరు చేరితే వాగుగా లెక్కించాలన్న హద్దు. దాన్ని మారిస్తే డ్రైనేజ్ డెన్సిటీ (చదరపు కిలోమీటరుకు వాగుల పొడవు) కూడా మారుతుంది, కాబట్టి సర్వే ఆఫ్ ఇండియా 57ఓ/6 మ్యాపు షీటుతో పోల్చి, ఎంత పెట్టారో రిపోర్టులో రాయండి. వైవాలో మొదట పట్టుకునేది దీన్నే.

చెరువులు, నగర విస్తరణ మీదైతే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు (ఒక్కో గడి 10 మీటర్లు) తీసుకోండి. ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లో నవంబరు దృశ్యాలు పనికిరావు. జనవరి, ఫిబ్రవరివి తీసుకుని ప్రతి ఏడాదీ అదే నెలతో పోల్చండి. ఓ ఏడాది జనవరినీ ఇంకో ఏడాది మేనీ పక్కపక్కన పెట్టి చెరువు మాయమైందని రాసేస్తారు, అది ఎండకు ఇంకింది అంతే!

తిరుపతి_బీఏ: మరి ఎంటెక్, దానికి రాసే గేట్ పరీక్ష? లెక్కలు లేకుంటే కష్టమేనా?

శేషాచలం: గేట్ రాయడానికి బీఏ అడ్డం కాదు, జియోమాటిక్స్ (భూమి కొలతలు, మ్యాపుల శాస్త్రం) పేపర్ ఉంది. సీటు ఇచ్చేచోట మాత్రం బీఏ ఒక్కటే చాలదు, ఏ సంస్థకు ఏ పీజీ కావాలో విడివిడిగా చూడాలి. లెక్కల్లో మ్యాట్రిక్స్, త్రికోణమితి, గణాంకాలు మళ్లీ పట్టాలి. పీజీ చదువుతూనే ఐఐఆర్ఎస్ (ఇస్రోకు చెందిన రిమోట్ సెన్సింగ్ సంస్థ) ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చేసుకోండి.