మిర్చి ట్రేసింగ్ యాప్‌కి ఏ క్లౌడ్ బ్లాక్‌చెయిన్ తీసుకోవాలి?

ఎర్రమిర్చి: గుంటూరులో ఒక ఎగుమతిదారు కోసం యాప్ కడుతున్నాం. టిక్కీ (మిర్చి బస్తా) కోల్డ్ స్టోరేజీకి ఎప్పుడెళ్ళింది, ల్యాబులో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) ఎంత వచ్చింది, ఏ కంటైనర్ ఎక్కింది, ఇవన్నీ ఒకసారి ఎక్కాక ఎవరూ దిద్దకూడదని ఆయన పట్టు. ఎంట్రీ వేసేవాళ్ళు ఐదుగురు. మేం ముగ్గురం, అందరికీ జావా వచ్చు, సర్వర్లు చూసుకునే ఓపిక లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజూర్ బ్లాక్‌చెయిన్ సర్వీస్ మీద ఒక ట్యుటోరియల్ చూశాను, తేలిగ్గానే అనిపించింది. ఎవరైనా వాడారా?

నోడ్‌నాయుడు: ఆ ట్యుటోరియల్ తేదీ చూశారా బ్రో? ఆ సర్వీస్‌ని 2021 సెప్టెంబర్‌లోనే మూసేశారు. దిద్దడానికి వీల్లేని రికార్డుల కోసం ఉన్న డేటాబేస్, అమెజాన్ క్యూఎల్‌డీబీ కూడా 2025 జూలైతో సరి. కాబట్టి ఫీచర్ల కన్నా ముందు, రేపు వీళ్ళు దుకాణం కట్టేస్తే మన కోడ్ ఎక్కడికి తీసుకెళ్ళగలమో చూడండి. హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ (కంపెనీల మధ్య వాడే ఓపెన్ సోర్స్ బ్లాక్‌చెయిన్) మీద రాస్తే చెయిన్‌కోడ్, అంటే దాని మీద నడిచే మన ప్రోగ్రాం, మనదే, అది జావాలో కూడా రాయొచ్చు. ఒరాకిల్ బ్లాక్‌చెయిన్ సర్వీస్ లోపల ఉన్నది ఫ్యాబ్రిక్కే, పైగా రెస్ట్ ప్రాక్సీ (యాప్ మామూలు వెబ్ కాల్స్‌తో చెయిన్‌తో మాట్లాడే దారి) వాళ్ళే ఇస్తారు కాబట్టి మీలాంటి చిన్న టీంకి పని తగ్గుతుంది. అమెజాన్ మేనేజ్డ్ బ్లాక్‌చెయిన్‌లో ఫ్యాబ్రిక్ తీసుకుంటే మెంబర్‌కీ (చేరిన ఒక్కో సంస్థకీ) పీర్ నోడ్‌కీ (రికార్డుల కాపీ ఉంచే సర్వర్‌కీ) గంటల లెక్కన బిల్లు, సీజన్ లేక యాప్ ఖాళీగా ఉన్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

రాత్రిడ్యూటీ: ఫ్యాబ్రిక్‌ని సొంతంగా కుబెర్నెటిస్ (సర్వర్ల మీద ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్) మీద పెట్టుకుందామని మాత్రం అనుకోకండి. మేం పెట్టాం. నోడ్లకి గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే ఫ్యాబ్రిక్ సీఏ కాన్ఫిగ్‌లో సర్టిఫికెట్ గడువు 8760 గంటలని ఉంటే, అంటే సరిగ్గా ఏడాదని ఎవరికీ తట్టలేదు. ఒక ఆదివారం పొద్దున ఎంట్రీలని వరసలో పెట్టే ఆర్డరర్ నోడ్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడటం మానేశాయి, నేనేమో పెళ్ళిలో అరిటాకు ముందు కూర్చుని లాగ్స్ చదువుతున్నా.

అడిగేసేవాడు: అసలు నోడ్లు ఎవరి అకౌంట్లో ఉంటాయండీ? అన్నీ ఎగుమతిదారు దగ్గరే ఉంటే తాళంచెవులూ ఆయన దగ్గరే, ఇక దిద్దలేరన్న మాటకి అర్థమేముంది? అలాగైతే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లో ఉన్న లెడ్జర్ టేబుల్ (పాత ఎంట్రీ దిద్దితే బయటపెట్టే టేబుల్) సరిపోతుంది. ఇంకోటి, రైతు ఫోన్ నంబర్ లాంటివి చెయిన్ మీదికి ఎక్కించకండి, 2023 డేటా చట్టంలో తీసెయ్యమని అడిగే హక్కు ఆయనకి రాసి ఉంది. హ్యాష్ (డేటా నుంచి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి కోడ్) మాత్రం పెట్టండి. ఇక కోల్డ్ స్టోరేజీలో టిక్కీనే మార్చేస్తే ఏ చెయిన్ కనిపెట్టదు, అది వేరే గొడవ.

నోడ్‌నాయుడు: తాళంచెవుల సంగతి కరెక్టే, నేను అడగాల్సింది.

ఎర్రమిర్చి: క్లయింట్‌ని అడిగాను. కోల్డ్ స్టోరేజీ వాళ్ళు "నోడూ గీడూ మాకొద్దు, లాగిన్ ఇవ్వండి చాలు" అన్నారట. వాళ్ళ అకౌంటింగ్ ఎలాగూ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదే ఉంది కాబట్టి లెడ్జర్ టేబుల్‌తో డెమో మొదలుపెట్టాం. రోజూ సాయంత్రం డైజెస్ట్ (అప్పటిదాకా ఉన్న ఎంట్రీలన్నిటి హ్యాష్) తీసి ల్యాబుకీ కొనేవాళ్ళకీ మెయిల్ చేస్తాం, ఒక్క వరస మారినా వాళ్ళ దగ్గరున్న దానితో కలవదు. ప్రపోజల్‌లో మాత్రం బ్లాక్‌చెయిన్ అన్న మాట ఉంచమంటున్నాడు ఆయన, బ్రోచర్ ప్రింటయిపోయిందట.