జూల్ వెర్న్ చంద్రుడి ఫిరంగి: ఆ నీళ్లు మనుషుల్ని కాపాడతాయా?

నింగిచూపు:
జూల్ వెర్న్ 1865 నవలలో ఫ్లోరిడాలో 900 అడుగుల ఫిరంగిని నేలలో నిలువునా పోతపోస్తారు. 4,00,000 పౌండ్ల గన్‌కాటన్ (పేలుడు దూది) పేల్చి, ముగ్గురు మనుషులున్న అల్యూమినియం గుండును సెకనుకు 12,000 గజాల వేగంతో చంద్రుడి వైపు పంపుతారు. అదురు ఆపడానికి గుండు అడుగున మూడడుగుల నీళ్లు. వేగం లెక్క సరైనదేనా? ఆ నీళ్లతో మనుషులు బతుకుతారా?

గతిలెక్క:
వేగం దాదాపు సరైనదే. 12,000 గజాలంటే 10.97 కిలోమీటర్లు. గాలి లేదనుకుంటే చంద్రుడి దూరం అందుకోవడానికి 11.1 కావాలి. 1865కి ఇది గొప్ప లెక్కండి.

మనుషులు మాత్రం బతకరు. పేలుడు మందు పట్టే చోటు పోగా గొట్టంలో మిగిలేది 700 అడుగుల పైచిలుకు, సుమారు 213 మీటర్లు. వేగం వర్గాన్ని ఈ దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం 28,000 జీ, అంటే భూమి గురుత్వ త్వరణానికి 28,000 రెట్లు, దాటుతుంది. 70 కిలోల మనిషి 2,000 టన్నుల బరువు తూగుతాడు. నీళ్లు ఒక్కసారి తగిలే దెబ్బకి పనికొస్తాయేమో. ఇక్కడ తోపు గొట్టం పొడవునా ఉంటుంది. 213 మీటర్లలో మూడడుగులు అరశాతం కూడా కాదు.

తోకచుక్క:
అసలు ఆ వేగమే రాదు. గుండు 19,250 పౌండ్లు, మందు దానికి 20 రెట్లు. పేలాక ఆ వాయువు తన బరువునీ తానే తోసుకోవాలి, శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది. పైగా గొట్టంలో దాదాపు టన్నున్నర గాలి ఉంటుంది. గుండు ధ్వని వేగం దాటగానే అది పక్కకి తప్పుకోలేక ముందు గట్టిగా నొక్కుకుపోతుంది. 1966లో అమెరికా, కెనడాల హార్ప్ పరిశోధనలోని ఫిరంగి గుండును 180 కిలోమీటర్ల ఎత్తుకు కొట్టింది. అక్కడ కూడా వేగం సెకనుకు రెండు కిలోమీటర్ల పైచిలుకే.

నింగిచూపు:
మరి గొట్టం పొడవు పెంచితే?

గతిలెక్క:
మనిషి తట్టుకునే 4 జీకి దించాలంటే 1,500 కిలోమీటర్ల గొట్టం కావాలి, తోపు 280 సెకన్లు సాగాలి. అంతసేపు తోయగలిగేది రాకెట్టే. దాని సమీకరణాన్ని రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించాడు. అయితే వెర్న్‌కి రాకెట్ తెలియక కాదు. తర్వాతి నవల ‘చంద్రుడి చుట్టూ’లో ఆ ముగ్గురూ శూన్యంలో దారి మార్చుకోవడానికి వెలిగించేవి రాకెట్లే.