35 ఎంఎం నెగటివ్‌లకు ఏ స్కానర్? లేక డిజిటల్‌కే మారిపోవాలా?

కోఠి_ఫిల్మ్: నెలకు రెండు మూడు రోల్స్ తీస్తాను. ఎక్కువగా 35 ఎంఎం, అప్పుడప్పుడు 120 (అంతకన్నా వెడల్పాటి ఫిల్మ్). ల్యాబ్ వాళ్లిచ్చే జేపీజీల్లో ఆకాశం తెల్లగా ఎగిరిపోతోంది. 12×18 అంగుళాల ప్రింట్లు కావాలి. ఎప్సన్ వి600 స్కానర్ మీద 6400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అనీ, ప్లస్‌టెక్ 8200ఐ మీద 7200 అనీ రాశారు. ఏది కొనాలి? ఆ డబ్బుతో డిజిటల్ కెమెరా మేలంటారా?

గ్రెయిన్_గారు: డబ్బా మీది అంకెలు నమ్మకండి. వి600 నిజంగా పట్టేది సుమారు 1600 డీపీఐ. 35 ఎంఎం ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు కదా, పొడవు వైపు 2270 పిక్సెళ్లు వస్తాయి. 300 డీపీఐ లెక్కన ఏడున్నర అంగుళాల ప్రింటు, అంతే. ప్లస్‌టెక్ 3600 దగ్గర 5100 పిక్సెళ్లు ఇస్తుంది, 18 అంగుళాలకు సరిపోతుంది. 7200 పెడితే ఫైలు నాలుగింతలవుతుంది తప్ప వివరం పెద్దగా పెరగదు. కాకపోతే అందులో 120 పట్టదు. 6×6 ఫ్రేము వి600లో పెట్టినా సుమారు 3500 పిక్సెళ్లు వస్తాయి, 12 అంగుళాల ప్రింటుకు చాలు. మీవి ఎక్కువ 35 కాబట్టి నా ఓటు ప్లస్‌టెక్‌కే; 120 ల్యాబ్‌కే ఇచ్చి, జేపీజీ కన్నా వివరం ఎక్కువ నిలిచే 16 బిట్ టిఫ్ ఫైలు అడగండి. ప్లస్‌టెక్‌లోనే 8100 మాత్రం వద్దు, దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ అందులో లేదు.

దుమ్ము_దులుపు: మామూలు బ్లాక్ అండ్ వైట్‌కు ఆ ఇన్‌ఫ్రారెడ్ ఆపేయండి. వెండి రేణువులు ఆ కాంతిని అడ్డుకుంటాయి, స్కానర్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. రంగుల నెగటివ్‌ల రసాయనమైన సీ-41లో కడిగే ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి ఇబ్బంది లేదు. ఏప్రిల్, మే పొడి గాలికి మన దగ్గర ఫిల్మ్ చుట్టుకుపోతుంది; స్లీవ్‌లో పెట్టి రాత్రంతా పుస్తకాల కింద ఉంచండి. వి600 లాంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దానికి ఫిల్మ్ నిగనిగలాడే వైపు తగిలిందా, ఇంద్రధనుస్సు వలయాలు ఖాయం. వానాకాలంలో బూజు పడితే నీళ్లతో తుడవొద్దు, బూజు తిన్న జెలటిన్ కరిగి బొమ్మ ఊడిపోతుంది.

కోఠి_ఫిల్మ్: అన్నా, 24 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంది. దాంతోనే నెగటివ్‌లను ఫోటో తీసుకుంటే అవుతుందా?

గ్రెయిన్_గారు: అది ముందే చెప్పాల్సింది! అయితే స్కానర్ మాట వదిలేయండి. 1:1 మాక్రో లెన్స్ (ఫిల్మ్‌ను అసలు సైజులో పట్టేది), సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 దాటిన లైట్ ప్యానెల్, కెమెరాను కిందికి చూసేలా పట్టే కాపీ స్టాండ్ కొంటే 120 కూడా అయిపోతుంది. కెమెరాలో ఎఫ్8 అపర్చర్, ఐఎస్ఓ 100, జేపీజీ కాకుండా రా ఫైలు పెట్టండి. ఫిల్మ్ చోట చిన్న అద్దం పెట్టి, లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో కనపడేదాకా స్టాండ్ సరిచేయండి. లేకపోతే ఒక మూల మసకేస్తుంది. ఫ్రేము చుట్టూ వెలుగు బయటికి రాకుండా నల్ల కాగితం వేయండి, కాంట్రాస్ట్ పోయేది అక్కడే. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

దుమ్ము_దులుపు: ఇందులో ఇన్‌ఫ్రారెడ్ ఉండదు మరి. ప్రతి స్ట్రిప్పుకీ బ్లోయర్ కొట్టాల్సిందే.