సోర్స్ కోడ్ కస్టమర్లకే పరిమితమైతే అది ఓపెన్ సోర్స్ అవుతుందా?

సూర్యం_మాదాపూర్:
2023 జూన్‌లో లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ సోర్స్ ప్యాకేజీలను అందరికీ అందుబాటులో ఉన్న గిట్ రిపాజిటరీలో (కోడ్ నిల్వలో) పెట్టడం మానేసి, బయటివారికి రాబోయే వెర్షన్‌కు ముందస్తు రూపమైన సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ ఒక్కటే మిగిల్చింది. కస్టమర్లకు సోర్స్ ఇస్తూనే, దాన్ని బయట పంచితే సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయవచ్చని ఒప్పందంలో రాసుకుంది. లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు రెండవ వెర్షన్ ఆరో సెక్షన్ ప్రకారం కోడ్ అందుకున్నవారి హక్కులపై అదనపు ఆంక్షలు పెట్టకూడదు. మరి ఇది ఆంక్ష కాక ఏమిటో సమర్థించేవారు చెప్పాలి.

రామం_ప్యాకేజర్:
సూర్యం గారూ, ఆరో సెక్షన్ మీ చేతికి వచ్చిన కోడ్‌ను పంచుకునే హక్కును కాపాడుతుందే గాని, రేపు రాబోయే వెర్షన్‌ను కూడా మీకే అమ్మి తీరాలని ఎవరినీ నిర్బంధించదు. పైగా డిస్ట్రోలో (లైనక్స్ కూర్పులో) ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సుల ప్యాకేజీలు బోలెడు ఉన్నాయి. వాటికి సోర్స్ ఇవ్వాల్సిన పనే లేదు, అయినా ఇస్తున్నారు.

అమీర్‌పేట_లెర్నర్:
డెవలపర్లకు రెడ్ హ్యాట్ లైనక్స్ 16 సిస్టమ్‌ల వరకు ఉచితమే కదండీ?

సూర్యం_మాదాపూర్:
ధర గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. హక్కు వాడుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయన్న భయం ఉన్నప్పుడు ఏ కంపెనీ పంచుతుంది? రెడ్ హ్యాట్ లైనక్స్‌కు ఉచిత నకలైన సెంట్‌ఓఎస్ 8 2029 దాకా ఉంటుందనుకుంటే, దాన్ని 2021 చివరికే ముగిస్తామని 2020 డిసెంబరులో ప్రకటించినప్పుడు, సర్వర్లు మార్చడానికి సమయం ఇమ్మని నేను మా యాజమాన్యాన్ని అడిగితే వినలేదు. తరువాత ఒక రాత్రి డీఎన్‌ఎఫ్ (ప్యాకేజీలు దింపే టూల్) అప్‌డేట్ కొట్టగానే యాప్‌స్ట్రీమ్ అనే రిపాజిటరీ మెటాడేటా దిగడం లేదన్న ఎర్రర్ వచ్చింది. రిపాజిటరీలన్నీ పాత వెర్షన్లు దాచే వాల్ట్‌కు తరలిపోయాయి. తిట్లు మాత్రం నాకే పడ్డాయి.

రామం_ప్యాకేజర్:
మీ యాజమాన్యం చేసిన నిర్వాకానికి లైసెన్సును బాధ్యురాలిని చేయకండి. నేను రాత్రుళ్ళు మేలుకుని ఉచితంగా ప్యాకేజీలు నిర్వహిస్తున్నాను. హైటెక్ సిటీలో కోట్ల వ్యాపారం చేస్తున్న కంపెనీ ఒకటి వాటిని వాడుకుంటూ, బగ్ రిపోర్టు పంపకపోగా, ఫిక్స్ ఆలస్యమైందని నాకే ఘాటుగా మెయిల్ రాసింది. అలాంటివారు కమ్యూనిటీ అన్న పేరు వాడుకుంటుంటే ఒళ్ళు మండుతుంది.

సూర్యం_మాదాపూర్:
అంటే ఇంతసేపూ సెక్షన్ల ముసుగులో మీరు నన్ను పరాన్నజీవి అంటున్నారన్నమాట!

నల్లకుంట_శారద:
ఇద్దరూ కాస్త శాంతించండి. సెంట్‌ఓఎస్ స్థానంలో వచ్చిన ఉచిత డిస్ట్రో ఆల్మాలైనక్స్ 2023 జులైలోనే రెడ్ హ్యాట్ లైనక్స్‌కు అచ్చు నకలుగా ఉండాలన్న లక్ష్యాన్ని వదులుకుని, ఏబీఐ అనుకూలత (అక్కడి ప్రోగ్రాములు ఇక్కడా నడవడం) చాలనుకుంది. అంటే దారులు పూర్తిగా మూసుకుపోలేదు.

రామం_ప్యాకేజర్:
మిమ్మల్ని అనలేదు, కానీ ఆ వర్గాన్ని అన్నాను, వెనక్కి తీసుకోను. ఏమీ తిరిగి ఇవ్వనివారికి అచ్చు నకలు అందించే బాధ్యత నిర్మించినవారిపై ఉందని నేను అనుకోను.

సూర్యం_మాదాపూర్:
తీసుకున్నవారు తిరిగి ఇవ్వాలన్న మీ కోరిక న్యాయమైనదే కావచ్చు, కాని ఆ షరతు జీపీఎల్‌లో లేదు. కెర్నల్‌ను రెడ్ హ్యాట్ తీసుకున్నదీ ఆ షరతు లేకుండానే. ఇవ్వనివారికి కూడా అదే స్వేచ్ఛ ఉండాలన్నదే నా వాదన. అది మీకు నచ్చకపోతే మీ అభ్యంతరం నాతో కాదు, ఆ లైసెన్సుతోనే.

రామం_ప్యాకేజర్:
తీసుకుంది, వేల ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) తిరిగి పంపింది కూడా. మీ కంపెనీ పంపిన ప్యాచ్ ఒక్కటుంటే లింకు పెట్టండి, ఆ తరువాత స్వేచ్ఛ గురించి మాట్లాడుకుందాం.