మత్తా, మొద్దా?

మొన్న శ్రీకాకుళంలో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ముందురోజు మత్తు డాక్టరు చూడాలన్నారు. పక్క మంచం ఆయన అది విని, "ఏటి బాబూ, ఆయన తాగుడు మానిపిస్తాడా?" అని ఆశగా అడిగాడు. ఆయన్ని ఏమనగలం? పేపర్లో మత్తు పదార్థాలకూ, థియేటర్లో సూదికీ మనకున్నది ఒకటే మాట.

అమ్మకు నడుములో సూది వేశారు. రొయ్యలా వంగి కూర్చోమన్నారట. కాసేపటికి స్పిరిట్ దూదితో కాళ్ళమీద అద్దుతూ "చల్లగా తెలుస్తోందా అమ్మా?" అని అడిగారట. బయటికొచ్చాక అమ్మ గొడవ ఇది: "మత్తన్నారు గానీ నాకు మత్తే ఎక్కనేదురా. కాళ్ళు మొద్దుబారిపోనాయి, అంతే. వాళ్ళ మాటలన్నీ ఇనిపించాయి."

ఆ 'మొద్దు' నన్ను వదల్లేదు. ఈథర్ అనే మందు ఇచ్చి ఆపరేషన్లు మొదలైన కొత్తలో, 1846లో, ఆ స్థితికి 'అనస్థీషియా' అని పేరు సూచించినవాడు ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే అమెరికన్ డాక్టరు. గ్రీకులో ఐస్థేసిస్ అంటే స్పర్శ, తెలియడం. ముందున్న 'అన్' మన అనారోగ్యంలో ఉన్నదాని చుట్టమే. అంటే స్పర్శ తెలియకపోవడం. మత్తు ఊసే లేదు. అమ్మ మాటే అసలుకు దగ్గర!

జవాబు (విజయనగరం, ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తాను):
అమ్మగారికి నడుములో వేసినదాన్ని స్పైనల్ అంటారండీ. పూర్తిగా నిద్రపుచ్చితే జీఏ, అంటే జనరల్ అనస్థీషియా అంటాం. అందులోనూ నిద్రకొక మందు, నొప్పికొకటి, కండరాలు వదులవడానికి ఇంకొకటి. ఆ మూడోదానితో ఊపిరి కూడా ఆగుతుంది, అందుకే గొట్టం వేసి మిషన్ మీద పెడతారు. స్పైనల్‌లో బీపీ పడిపోవచ్చు, కాబట్టి పేషెంటు కబుర్లు చెబుతున్నా డాక్టరు పక్కనే ఉంటారు. ముందురోజు చూసేది నోరు ఎంత తెరుచుకుంటుంది, ఊగే పన్ను ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు అని. పొద్దున్న పాలు కలిపిన టీ తాగొచ్చేసి చెప్పరు చూడండి, అదే మాకు టెన్షన్.

జవాబు:
ఆయుర్వేదంలో 'సంజ్ఞాహరణం', అంటే తెలివిని హరించడం, ఉందిగా. అది వాడుకోవచ్చు.

నా జవాబు:
మాట బాగుందండీ. అమ్మతో అంటే ఎవరో ఏదో ఎత్తుకుపోయారనుకుంటుంది. సరే, పన్ను పీకేముందు చిగురుకిచ్చే దాన్ని మీ ఊళ్ళో ఏమంటారు? తిమ్మిరి సూదా, మత్తు సూదా?