కోబాల్ట్ క్లోరైడ్ ఇచ్చిన తొండ క్లోమం: ఆల్ఫా కణాలు చచ్చాయా, ఖాళీ అయ్యాయా?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం మా ల్యాబ్ బీరువాలోని పాత స్లైడ్లు చూస్తున్నాను. కోబాల్ట్ క్లోరైడ్ ఎక్కించిన తొండల క్లోమం అది. ప్లీహం వైపు కొసన ఐలెట్లు (హార్మోన్లు తయారుచేసే కణాల ముద్దలు) గుంపుగా ఉన్నాయి. బల్లిజాతిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల కంటే, రక్తంలో చక్కెర పెంచే గ్లూకగాన్ హార్మోన్ తయారుచేసే ఆల్ఫా కణాలే ఎక్కువ కదా, ఇక్కడా అంతే. కానీ ఫ్లాక్సిన్ అనే రంగుతో ఎర్రగా కనిపించాల్సిన గ్లూకగాన్ రేణువులు చాలా ఆల్ఫా కణాల్లో లేవు, లోపల బుడగల్లాంటి ఖాళీలు. కేంద్రకాలు మాత్రం గుండ్రంగా, చక్కగానే ఉన్నాయి. బీటా కణాల్లో తేడా లేదు.

గైడ్‌గారు "కణాలు నాశనమయ్యాయి" అని రాసేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కేంద్రకం ముడుచుకోకుండా చావు అనొచ్చా? గ్లూకగాన్ బయటికి వదిలేసి ఖాళీ అయినా ఇలాగే కనిపిస్తుందేమో? రక్తంలో చక్కెర లెక్కల కాగితాలు దొరకలేదు. స్లైడ్ మీదే తేల్చే దారి ఉంటే చెప్పండి, వచ్చే వారమే వైవా, ఒకటే టెన్షన్.